సర్వర్ సమాచారం జావాస్క్రిప్ట్‌కు చేరిన దారులు

వెబ్ అప్లికేషన్ చూడడానికి ఒక్క ప్రోగ్రామ్‌లాగే ఉంటుంది గాని, అందులో నడిచేవి రెండు. ఒకటి సర్వర్ మీద పీహెచ్‌పీ, పైథాన్, జావా వంటి భాషల్లో నడుస్తుంది. డేటాబేస్ దాని అధీనంలో ఉంటుంది. రెండోది యూజరు బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌గా నడుస్తుంది. తెర దాని అధీనంలో ఉంటుంది. మొదటిది పేజీని తయారుచేసి పంపాకే రెండోది మొదలవుతుంది. అందుకే సర్వర్‌లో ఉన్న వేరియబుల్‌ను జావాస్క్రిప్ట్ నేరుగా చదవలేదు. లాగిన్ అయినవారి పేరు, కొనదలచిన వస్తువుల జాబితా, మ్యాపు మీద చూపాల్సిన ఊళ్లు, ఏవైనా సరే ముందు అక్షరాల వరుసగా మారాలి, నెట్‌వర్క్ దాటాలి, అవతల మళ్లీ విలువలుగా రూపు కట్టాలి. ఈ చిన్న పనికి ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. దాని పొడవునా ఒకే చిక్కు వేషం మార్చుకుంటూ ఎదురవుతుంది. పంపిన సమాచారాన్ని బ్రౌజర్ సమాచారంగానే చదవాలి, ఆదేశంగా చదవకూడదు.

1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో ప్రతిపాదించిన వెబ్‌లో ఈ ప్రశ్న తలెత్తే వీలే లేదు. పేజీలంటే ముందుగా రాసి పెట్టిన ఫైళ్లు. అడిగినవారికి సర్వర్ వాటిని ఉన్నవున్నట్టు ఇచ్చేది. 1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ బృందం తమ వెబ్ సర్వర్‌కు సీజీఐ అనే ఏర్పాటు చేర్చాక, అడిగిన క్షణంలో ఒక ప్రోగ్రామ్ పేజీని రాసి ఇవ్వడం మొదలైంది. ఆ ప్రోగ్రాములు చాలావరకు పెర్ల్‌లో ఉండేవి. అప్పట్లో సర్వర్‌కు ఉన్న ఇబ్బంది వేరు. ఒక రిక్వెస్టు ముగియగానే అడిగింది ఎవరో దానికి గుర్తుండదు. అందుకని ఫారంలో కంటికి కనిపించని గడులు పెట్టి, తర్వాతి రిక్వెస్టుతో పాటు అవి తిరిగి వచ్చేలా చూసుకునేవారు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ రూపొందించిన కుకీ కూడా ఈ మతిమరుపుకు విరుగుడే. ఇవి రెండూ సర్వర్ తనకోసం రాసుకుని బ్రౌజర్ దగ్గర దాచుకున్న చీటీల వంటివి. వాటిని మధ్యలో విప్పి చదివే ప్రోగ్రామ్ అప్పటికింకా పుట్టలేదు.

అది 1995లో పుట్టింది. బ్రెండన్ ఐక్ ఆ ఏడాది మే నెలలో పది రోజుల్లో తొలి రూపం రాసిన భాషను, డిసెంబర్ 4న నెట్‌స్కేప్, సన్ కంపెనీలు జావాస్క్రిప్ట్ పేరుతో ప్రకటించాయి. 1996 మార్చిలో విడుదలైన నావిగేటర్ 2.0తో అది జనం చేతికి అందింది. ఈ భాషలో రాసిన కోడును పేజీ మధ్యలోనే, స్క్రిప్ట్ ట్యాగుల నడుమ పెట్టవచ్చు. ఇంచుమించు అదే కాలంలో సర్వర్ వైపు కూడా పద్ధతి మారుతోంది. 1995 జూన్‌లో రాస్మస్ లెర్‌డార్ఫ్ పీహెచ్‌పీ తొలి పనిముట్లను విడుదల చేశారు. 1996 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ, 1999లో సన్ వారి జేఎస్‌పీ వచ్చాయి. మూడూ స్థిరపరిచిన అలవాటు ఒకటే: హెచ్‌టీఎంఎల్ మధ్యలో ఖాళీలు వదిలి, పేజీ పంపేముందు సర్వర్ ఆ ఖాళీల్లో విలువలు నింపడం.

ఈ రెండు మార్పులూ కలిసినచోట తొలి దారి దానంతటదే తెరుచుకుంది. దాన్ని ఎవరూ కూర్చుని రూపొందించలేదు. సర్వర్ దృష్టిలో పేజీ మొత్తం వట్టి అక్షరాలే. అందులో ఏది హెచ్‌టీఎంఎల్, ఏది జావాస్క్రిప్ట్ అన్న తేడా దానికి పట్టదు. శీర్షిక ట్యాగులో యూజరు పేరు నింపగలిగినప్పుడు, స్క్రిప్ట్ ట్యాగులో కొటేషన్ గుర్తుల మధ్య కూడా అదే పేరు నింపవచ్చు. అంటే సర్వర్ విలువను పంపడం లేదు, ఆ విలువతో కూడిన జావాస్క్రిప్ట్ వాక్యాన్నే రాసి పంపుతోంది. రాష్ట్రం ఎంచుకోగానే పక్క పెట్టెలో ఆ రాష్ట్రపు జిల్లాలు కనిపించే ఫారాలు ఇలాగే నడిచేవి. సర్వర్ ఒక లూపు తిప్పి అన్ని రాష్ట్రాల జిల్లాలనూ వరుసగా పేజీలోకి కుమ్మరించేది. ఒక భాష మరో భాషలో ప్రోగ్రామ్ రాయడం అనే ఈ పని కొత్తవారికి ఇప్పటికీ తికమకగానే ఉంటుంది. ఎడిటర్‌లో రెండూ ఒకే ఫైల్లో పక్కపక్కన కనబడతాయి, నడిచేది మాత్రం వేర్వేరు యంత్రాల మీద, వేర్వేరు సమయాల్లో.

నింపిన విలువ మామూలు పేరైతే ఇబ్బంది లేదు. డిసౌజా వంటి ఇంటిపేరును ఇంగ్లిష్ లిపిలో రాసేటప్పుడు నడుమ వచ్చే అపాస్ట్రఫీ ఉంటే, కొటేషన్ అక్కడే ముగిసిందని జావాస్క్రిప్ట్ అనుకుంటుంది. పేజీలోని ఆ స్క్రిప్టు మొత్తం ఆగిపోతుంది. చిరునామాలో కొత్త లైను ఉన్నా, ఫైలు పేరులో బ్యాక్‌స్లాష్ ఉన్నా అంతే. వీటికి ముందు బ్యాక్‌స్లాష్ చేర్చే ఫంక్షన్లు వాడి ప్రోగ్రామర్లు నెట్టుకొచ్చారు. అసలు ముప్పు ఇంకాస్త లోతున ఉంది. బ్రౌజర్‌లో ముందు హెచ్‌టీఎంఎల్‌ను చదివే భాగం నడుస్తుంది, దానికి జావాస్క్రిప్ట్ వ్యాకరణం తెలియదు. స్క్రిప్ట్ ముగింపు ట్యాగు ఎక్కడ కనబడితే అక్కడ కోడు అయిపోయిందని అది నిర్ణయిస్తుంది, ఆ ట్యాగు కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నా సరే. అంటే ఎవరైనా తమ పేరు గడిలో ముగింపు ట్యాగు రాసి, దాని వెనకే కొత్త స్క్రిప్ట్ ట్యాగు రాస్తే, ఆ పేరును చూసిన ప్రతివారి బ్రౌజర్‌లోనూ ఆ రాసినవారి కోడు నడుస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో చిహ్నాలను సంకేతాలుగా మార్చే మామూలు పద్ధతి ఇక్కడ అక్కరకు రాదు. స్క్రిప్ట్ ట్యాగు లోపల బ్రౌజర్ ఆ సంకేతాలను తిరిగి విప్పదు, అవి అలాగే విలువలో మిగిలిపోతాయి. ఒకే పేజీలో చోటును బట్టి రక్షణ నియమాలు మారతాయన్న ఈ సంగతి ప్రోగ్రామింగ్ లోకానికి ఒంటబట్టడానికి పదేళ్లకు పైగా పట్టింది.

2000 ఫిబ్రవరి 2న కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ ఈ తరహా దాడుల మీద హెచ్చరిక జారీ చేసింది. క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అన్న పేరు ఆ రోజుల్లోనే స్థిరపడింది. హెచ్చరిక ఉన్నా ఉదాసీనత పోలేదు. 2005 అక్టోబర్‌లో మైస్పేస్‌లో సామీ అనే పురుగు ప్రోగ్రామ్ ఒక ప్రొఫైల్ పేజీలో బయలుదేరి, ఒక్కరోజు తిరగకముందే పది లక్షలకు మించిన ప్రొఫైళ్లకు పాకింది. అక్కడ జరిగిందీ ఇదే. యూజరు టైపు చేసిన సమాచారం వడపోతను తప్పించుకుని ఆదేశమైపోయింది.

పేజీని మళ్లీ తెరవకుండా సర్వర్ నుంచి కొత్త సమాచారం తెప్పించుకోవాలన్న కోరిక కూడా తొంభైల నాటిదే. కనిపించని ఫ్రేములో మరో చిన్న పేజీని తెరిపించి, అందులోని స్క్రిప్టు తల్లి పేజీలోని ఫంక్షన్‌ను పిలిచేలా చేయడం ఒక ఉపాయం. డగ్లస్ క్రాక్‌ఫర్డ్, చిప్ మార్నింగ్‌స్టార్ తమ స్టేట్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కోసం 2001 ఏప్రిల్‌లో ఈ దారినే పట్టారు. వారు పంపిన తొలి సందేశం ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ; అందులో ఒక స్క్రిప్టు, ఆ స్క్రిప్టులో జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టు రూపంలో రాసిన సమాచారం. ఆ సందేశం పనిచేయలేదు. ఆబ్జెక్టులో ఒక గడికి డూ అని పేరు పెట్టారు. జావాస్క్రిప్ట్‌లో లూపు మొదలుపెట్టడానికి కేటాయించిన మాట అది, కాబట్టి బ్రౌజర్ తప్పు చూపింది. భాష తనకోసం ఉంచుకున్న మాటల జాబితానంతా తమ ప్రమాణంలోకి లాగడం ఇష్టంలేక, గడుల పేర్లన్నిటికీ జంట కొటేషన్ గుర్తులు తప్పనిసరి చేశారు. తర్వాత జేసన్ అని పేరుపడిన ఈ రూపంలో రాసే ప్రతివారూ ఇప్పటికీ పాటించే నియమం ఆ మొదటి వైఫల్యం నుంచి వచ్చిందే. 2002లో క్రాక్‌ఫర్డ్ ఈ రూపాన్ని ఒకే ఒక్క పేజీలో వివరించి వెబ్‌లో పెట్టారు. తాను దీన్ని కనిపెట్టలేదని, భాషలో అప్పటికే ఉన్నదాన్ని గుర్తించానని ఆయన చెబుతూ వచ్చారు. 1996లోనే నెట్‌స్కేప్‌లో ఇలాంటి వాడుక ఉందని కూడా ఆయనే ఒప్పుకున్నారు.

ఫ్రేముల ఉపాయం కన్నా శుభ్రమైన దారి మైక్రోసాఫ్ట్‌లో సిద్ధమైంది. అవుట్‌లుక్ మెయిల్‌ను బ్రౌజర్‌లో చూపించే పని మీదున్న బృందం, స్క్రిప్టు నుంచే సర్వర్‌ను అడిగి జవాబు అందుకునే ఆబ్జెక్టును తయారుచేసింది. 1999 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో విడుదలైన ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ అదే. తర్వాత మొజిల్లా దాన్ని తన బ్రౌజర్‌లోనూ చేర్చింది. అయినా ఐదేళ్ల పాటు దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో గూగుల్ మ్యాప్స్ వచ్చాకే, పేజీ కదలకుండా తెర మారడం ఎంత దూరం పోగలదో అందరికీ కనబడింది. మ్యాప్స్ వచ్చిన పది రోజులకు, ఫిబ్రవరి 18న, జెస్సీ జేమ్స్ గారెట్ ఒక వ్యాసంలో ఈ పద్ధతికి ఏజాక్స్ అని పేరు పెట్టారు.

ఆ పేరు చివరి అక్షరం ఎక్స్‌ఎంఎల్‌ను సూచిస్తుంది. కాని జావాస్క్రిప్ట్‌లో ఎక్స్‌ఎంఎల్‌ను చదవడం శ్రమతో కూడిన పని. ఒక్క విలువ కోసం కొమ్మ తర్వాత కొమ్మ దిగాలి. జేసన్ అయితే జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టే. 2006 జూలైలో దాన్ని నిర్వచిస్తూ 4627 సంఖ్యతో ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో పీహెచ్‌పీ 5.2 జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్‌ను భాషలోనే భాగం చేసింది. దాంతో ఎక్స్‌ఎంఎల్ పేరులో మిగిలింది, పని జేసన్‌కు దక్కింది.

చదివే పద్ధతి మాత్రం చాలాకాలం ప్రమాదకరంగానే ఉండిపోయింది. వచ్చిన జేసన్‌ను ఈవాల్ ఫంక్షన్‌కు అప్పగిస్తే, అది దాన్ని కోడుగా నడిపి ఆబ్జెక్టును ఇచ్చేది. జవాబులో కోడు కలిసి ఉంటే అదీ నడిచేది. ముందుగా అక్షరాలను తనిఖీ చేసి ఆ తర్వాత ఈవాల్‌కు ఇవ్వమని ఆర్‌ఎఫ్‌సీ పత్రమే ఒక సూత్రం సూచించింది. 2009లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8, ఫైర్‌ఫాక్స్ 3.5 బ్రౌజర్లు జేసన్ పార్స్ అనే ఫంక్షన్‌ను సొంతంగా తెచ్చాయి. ఆ డిసెంబర్‌లో జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్ ఐదో కూర్పు దాన్ని చేర్చుకుంది. కోడును నడపకుండా సమాచారాన్ని మాత్రమే చదివే సాధనం జావాస్క్రిప్ట్ పుట్టిన పద్నాలుగేళ్లకు ఆ భాషకు అమరింది. ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన మలుపు ఇదే అనడం అతిశయోక్తి కాదు.

ఇదే కాలంలో జేసన్‌పీ అనే పక్కదారి కూడా ఉండేది. ఒక సైటులోని స్క్రిప్టు మరో సైటు జవాబును చదవకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది గాని, స్క్రిప్ట్ ట్యాగు మాత్రం ఎక్కడి కోడునైనా తెచ్చి నడుపుతుంది. అందువల్ల సమాచారాన్ని ఒక ఫంక్షన్ పిలుపులో చుట్టి స్క్రిప్టుగా పంపే పద్ధతిని 2005 డిసెంబర్‌లో బాబ్ ఇప్పొలిటో ప్రతిపాదించారు. అవతలి సర్వర్‌ను పూర్తిగా నమ్మితేనే ఇది క్షేమం. ఈ సందును మరోవైపు నుంచి వాడుకోవచ్చని 2006లో జెరెమయా గ్రాస్‌మన్ జీమెయిల్ విషయంలో చూపించారు. లాగిన్ అయి ఉన్న యూజరు వేరే సైటు తెరిస్తే, ఆ సైటు స్క్రిప్ట్ ట్యాగుతో యూజరు కాంటాక్టుల జాబితాను లాగగలిగేది. అప్పటినుంచి కొన్ని పెద్ద సైట్లు తమ జేసన్ జవాబుల మొదట్లో కావాలనే తప్పు కోడు చేర్చసాగాయి. స్క్రిప్టుగా నడిపితే అక్కడే ఆగిపోతుంది, సొంత ప్రోగ్రామ్ అయితే ఆ మొదటి అక్షరాలను కోసేసి మిగతాది చదువుకుంటుంది. ఏ సైటుకు అనుమతి ఉందో సర్వర్ తానే చెప్పే కార్స్ పద్ధతి 2014 జనవరిలో డబ్ల్యూ3సీ సిఫార్సు అయ్యాక జేసన్‌పీ అవసరం తీరిపోయింది.

ఏజాక్స్ వచ్చినా పేజీలోనే సమాచారం నింపే పాత పద్ధతి చావలేదు. పేజీ తెరవగానే కావాల్సిన విలువల కోసం మళ్లీ సర్వర్‌ను అడిగితే ఇంకో రాకపోకకు పట్టే సమయం వృథా. ఆ లోపు యూజరుకు ఖాళీ తెర కనబడుతుంది. అందుకని మొదటి విలువలు పేజీతో, తర్వాతివి ఏజాక్స్‌తో అన్న పంపకం కుదిరింది. వర్డ్‌ప్రెస్‌లో లోకలైజ్ స్క్రిప్ట్ అనే ఫంక్షన్ దీనికి బాగా వాడుకలోకి వచ్చింది. అసలు అది స్క్రిప్టుల్లో కనిపించే మాటల అనువాదాలు అందించడానికి చేసింది. ప్లగిన్లు రాసేవారు సెట్టింగులు, చిరునామాలు, భద్రతా టోకెన్లు అన్నీ దాని మీదే వేసి పంపారు. అనువాదాల కోసం పుట్టింది కాబట్టి పైవరుసలో ఉన్న అంకెలను కూడా అది అక్షరాలుగా మార్చేసేది. లెక్కలు తప్పినచోట కారణం వెతకడానికి ఎందరో తల పట్టుకున్నారు. 2016 ఏప్రిల్‌లో వర్డ్‌ప్రెస్ 4.5 ఈ పనికి తగిన వేరే ఫంక్షన్‌ను ఇచ్చింది.

జేసన్‌ను స్క్రిప్ట్ ట్యాగులో నేరుగా అతికించడంలోనూ గుంటలున్నాయి. పీహెచ్‌పీ ఫంక్షన్ స్లాష్ ముందు బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది కనుక ముగింపు ట్యాగు ముప్పు తప్పుతుంది. అన్ని భాషల లైబ్రరీలూ అలా చేయవు. యూనికోడ్‌లో 2028, 2029 సంఖ్యల అక్షరాలు జేసన్‌లో చెల్లుతాయి, జావాస్క్రిప్ట్ కొటేషన్ల మధ్య మాత్రం చాలాకాలం చెల్లలేదు. అవి విలువలో దూరితే స్క్రిప్టు విరిగిపోయేది. 2019 నాటి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణం ఆ తేడాను తొలగించింది. తెలుగు సైట్లకు ప్రత్యేకంగా తగిలిన ఇబ్బంది ఇంకొకటి ఉంది. పీహెచ్‌పీ ఫంక్షన్ మామూలుగా ఇంగ్లిష్ కాని ప్రతి అక్షరాన్నీ బ్యాక్‌స్లాష్, యు, నాలుగు అంకెల సంకేతంగా రాస్తుంది. తెలుగు అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు యూనికోడ్ అక్షరాలు. యూటీఎఫ్-8లో అవి 18 బైట్లు, సంకేతాలుగా రాస్తే 36. ఇలా తెలుగు వార్తల జాబితా పంపే పేజీలో సమాచారం రెట్టింపు బరువెక్కేది. మధ్యలో ఏం వెళ్తోందో తెరిచి చూసిన ప్రోగ్రామర్‌కు ఒక్క మాటా చదవడానికి వీలయ్యేది కాదు. 2012 మార్చిలో పీహెచ్‌పీ 5.4 అక్షరాలను ఉన్నవున్నట్టు ఉంచే ఎంపికను చేర్చింది.

అంకెలకూ ఇలాంటి కథే ఉంది. జావాస్క్రిప్ట్ పూర్ణాంకాలను 9,007,199,254,740,991 వరకే తప్పు లేకుండా పట్టుకోగలదు. సర్వర్ భాషల్లో 64 బిట్ల అంకెలు దీన్ని సులువుగా దాటతాయి. 2010లో ట్విట్టర్ ట్వీట్ల గుర్తింపు సంఖ్యలను స్నోఫ్లేక్ అనే కొత్త పద్ధతిలోకి మార్చినప్పుడు అవి ఈ హద్దు దాటబోతున్నాయని తెలిసి, జవాబుల్లో ప్రతి సంఖ్యనూ అక్షరాల రూపంలో మరోసారి పంపింది. తేదీకి జేసన్‌లో రూపమే లేదు. ఎవరికి తోచినట్టు వారు అక్షరాలుగా రాసి పంపుతూ వచ్చారు.

సమాచారాన్ని కోడు నుంచి పూర్తిగా విడదీసే రెండు దారులను హెచ్‌టీఎంఎల్5 ఇచ్చింది. ఒకటి, ఏ ట్యాగుకైనా డేటా అనే మాటతో మొదలయ్యే సొంత లక్షణాలు తగిలించడం. ఇక్కడ హెచ్‌టీఎంఎల్ సంకేతాల మామూలు రక్షణ చక్కగా పనిచేస్తుంది. రెండు, స్క్రిప్ట్ ట్యాగుకే జేసన్ రకమని రాయడం. అలా రాస్తే బ్రౌజర్ దాన్ని నడపదు, అలా ఉంచేస్తుంది. జావాస్క్రిప్ట్ వచ్చి అందులోని అక్షరాలను తీసుకుని జేసన్ పార్స్‌కు ఇస్తుంది. సీఎస్‌పీ అనే భద్రతా నియమాలు ఈ మార్పును తొందరపెట్టాయి. పేజీ మధ్యలో రాసిన స్క్రిప్టులను నడపవద్దని సర్వర్ ఆ నియమాలతో బ్రౌజర్‌కు చెప్పవచ్చు. అప్పుడు పాత పద్ధతిలో నింపిన వేరియబుళ్లన్నీ చచ్చుబడతాయి, నడవని జేసన్ ముక్కలకు ఏమీ కాదు. 2018 ఆగస్టులో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 2.1 ఈ పద్ధతినే ఒక టెంప్లేట్ ఫిల్టర్‌గా అందించింది. కోణపు బ్రాకెట్లను, ఆంపర్‌సాండ్‌ను యూనికోడ్ సంకేతాలుగా మార్చి, గుర్తింపు పేరుతో సహా స్క్రిప్ట్ ట్యాగును తానే రాస్తుంది. ప్రోగ్రామర్ మరిచిపోవడానికి అందులో ఏమీ మిగలదు. అందుకే మామూలు పేజీలకు ఇంతకంటే నమ్మదగిన పద్ధతి ఇంతవరకు రాలేదని చెప్పాలి.

2010 తర్వాత బరువంతా బ్రౌజర్ వైపు మొగ్గింది. బ్యాక్‌బోన్, యాంగులర్, ఎంబర్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలతో పేజీ ఖాళీ చట్రంగా వచ్చి, జావాస్క్రిప్ట్ జేసన్ తెచ్చుకుని తెరను తానే గీసేది. ట్విట్టర్ ఆ బాట పట్టి, మొదటి ట్వీటు కనబడడానికి ఆలస్యమవుతోందని 2012 మేలో వెనక్కి తిరిగి, పేజీని మళ్లీ సర్వర్ మీదే తయారుచేయసాగింది. 2013లో బయటికి వచ్చిన రియాక్ట్, 2016 అక్టోబర్‌లో వచ్చిన నెక్స్ట్ జేఎస్ రెండు పద్ధతులనూ కలిపాయి. సర్వర్ తెరను గీసి పంపుతుంది. బ్రౌజర్‌లో అదే కోడు మళ్లీ నడిచి ఆ తెరను తన చేతిలోకి తీసుకుంటుంది. ఇందుకు సర్వర్ వాడిన సమాచారం బ్రౌజర్‌కూ అందాలి. కాబట్టి ఒకే సమాచారం పేజీలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, ఒకసారి చదివేవారి కోసం హెచ్‌టీఎంఎల్‌గా, మరోసారి స్క్రిప్టు కోసం జేసన్‌గా. ఇలాంటి ముక్కలు బరువెక్కాక వేగం లెక్కలు కూడా మారాయి. పది కిలోబైట్లు దాటిన సమాచారాన్ని ఆబ్జెక్టుగా రాయడం కంటే అక్షరాలుగా పంపి జేసన్ పార్స్‌తో చదివిస్తే త్వరగా పని అవుతుందని 2019లో గూగుల్ జావాస్క్రిప్ట్ ఇంజిన్ వీ8 బృందం చూపించింది. జేసన్ వ్యాకరణం జావాస్క్రిప్ట్ కంటే చాలా చిన్నది కావడమే అందుకు కారణం.

2020 డిసెంబర్‌లో రెండు ఎదురెదురు జవాబులు ఒకే నెలలో వెలువడ్డాయి. రూబీ ఆన్ రెయిల్స్ వారి హాట్‌వైర్, జేసన్ పంపడమే మానేసి సర్వర్ నుంచి హెచ్‌టీఎంఎల్ ముక్కలే పంపమంది. రియాక్ట్ బృందం ప్రకటించిన సర్వర్ కాంపోనెంట్లు, ఏ భాగానికి ఏ సమాచారం కావాలో గమనించి తమ సొంత రూపంలో ముక్కలు ముక్కలుగా పంపుతాయి. నెక్స్ట్ జేఎస్‌లో ఆ ముక్కలు పేజీ మధ్యలోని చిన్న చిన్న స్క్రిప్టులుగా వస్తాయి. సిద్ధమైన భాగాన్ని సిద్ధమైనట్టే పంపాలంటే, వచ్చిన వెంటనే నడిచే రూపం కావాలి మరి. అందువల్ల అలాంటి పేజీకి కఠినమైన సీఎస్‌పీ పెట్టాలంటే ప్రతి రిక్వెస్టుకూ నాన్స్ అనే, ఒక్కసారికే చెల్లే కొత్త గుర్తు తయారుచేసి ఆ స్క్రిప్టులన్నిటికీ తగిలించాలి.

ఈ కొత్త పద్ధతిలో సర్వర్ కోడు, బ్రౌజర్ కోడు ఒకే భాషలో, ఒక్కోసారి పక్కపక్క ఫైళ్లలో ఉంటాయి. హద్దు కంటికి ఆనదు. డేటాబేస్ నుంచి తెచ్చిన యూజరు ఆబ్జెక్టును మొత్తంగా ఒక భాగానికి అందిస్తే, తెర మీద పేరు ఒక్కటే కనిపించినా, ఫోన్ నంబరూ పాస్‌వర్డ్ హ్యాషూ కూడా పేజీ సోర్సులో చేరిపోతాయి. పాత టెంప్లేట్లలో ప్రోగ్రామర్ ప్రతి విలువనూ చేత్తో నింపేవారు కనుక ఈ పొరపాటుకు అవకాశం తక్కువ. 2023లో రియాక్ట్ ప్రయోగాత్మకంగా చేర్చిన ఒక సదుపాయంతో, ఒక ఆబ్జెక్టు లేదా విలువ బ్రౌజర్‌కు పోకూడదని సర్వర్ కోడులో ముందే ముద్ర వేయవచ్చు. దాన్ని పంపబోతే ప్రోగ్రామ్ తప్పు చూపి ఆగుతుంది. ఆ ఆబ్జెక్టు నుంచి నకలు తీసి పంపితే మాత్రం ముద్ర వర్తించదు. అందుకే డేటాబేస్‌ను తాకే కోడునంతా ఒకచోట ఉంచి, తెరకు అవసరమైన గడులను మాత్రమే అక్కడి నుంచి బయటికి ఇవ్వాలన్నది ఆ సదుపాయంతో పాటు ఇచ్చే సూచన.